తిరిగే ఊళ్లో మేనత్త విల్లు

మొదటి రోజు

మా నాగావళి ఊళ్లో ఎవరింట్లోనైనా ఆయుధం ఉంటే డైరీ రాయాలని నియమం ఉందట. ఈ సంగతి నాకు ఇవాళే తెలిసింది. నా ఇంటికి ఆయుధం వచ్చిందీ ఇవాళే. ఊరి కార్యదర్శి కూర్మారావుగారు స్వయంగా వచ్చి ఈ పుస్తకం చేతిలో పెట్టారు. మొదటి పేజీలో మూడు గడులు. పేరు: పైడితల్లి. వయసు: నలభై ఏడు. వృత్తి: ఎరువు గుంట. ఊళ్లో నాలుగు వందల మంది తిని వదిలేసినదాన్ని కలియబెట్టి, మళ్లీ వంగమొక్కల పాదుల్లోకి పంపేది నేనే. కాబట్టి నేను వస్తుంటే జనం దారి ఇస్తారు. గౌరవంతో అని చాలాకాలం అనుకున్నాను.

మా మేనత్త అప్పలకొండ పోయి పదిహేను రోజులైంది. ఆమె రాసిపెట్టిన కాగితం ప్రకారం గిన్నెలు, దుప్పట్లు వీధిలోవాళ్లకి, విల్లు నాకు. ముప్పై ఎనిమిదేళ్ల కిందట భూమి మీది నుంచి ఇక్కడికి వచ్చేటప్పుడు మనిషికి ఎనిమిది కిలోల సామానే తెచ్చుకోనిచ్చారు. అందరూ బట్టలు, ఫొటోలు తెచ్చుకుంటే మా అత్త విల్లు, బాణాలు తెచ్చింది. అప్పటికే అది పాత విల్లు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నా వాటా బరువులో కూడా సగం అత్త బాణాలే కావడంతో మొదటి ఏడాదంతా రెండు గౌన్లతో గడిపాను.

విల్లంటే బొమ్మల్లో కనిపించే వంపు కర్ర కాదు. మధ్యలో లోహపు పిడి, పిడికి పైనొకటి కిందొకటి గట్టి కొమ్మలు, కొమ్మల చివర గిలకలు, ఆ గిలకల మధ్య అటూ ఇటూ పాకే తీగలు. నూతి గిలకకీ సైకిలుకీ పెళ్లి చేస్తే పుట్టిన బిడ్డలా ఉంది. గోడకి తగిలించాను. నన్ను చూసి అది పెద్దగా సంతోషించినట్టు లేదు.

మూడో రోజు

పని నుంచి వచ్చి, కాళ్లూ చేతులూ కడుక్కుని, విల్లు లాగి చూద్దామనుకున్నాను. రోజూ రెండు టన్నుల ఎరువు తిరగేసే చేతులు కదా, ఈ గిలకలొక లెక్కా అన్న ధీమా. సగం లాగేసరికి బండరాయి లాగినట్టు అయింది. పళ్లు బిగించి ఇంకా లాగాను. సగం దాటగానే గిలకలు తిరిగి బరువంతా ఒక్కసారిగా మాయమైంది. బరువుతో పాటు నా కాళ్ల కింద నేలా మాయమైంది. వెల్లకిలా పడ్డాను. అయినా నారి మాత్రం వదల్లేదు.

గోడ అవతలి నుంచి గౌరునాయుడు చూశాడు. పక్కింటివాడు, ఊరి లిఫ్టు మెకానిక్కు. అతని భార్య మంగవేణి కుట్టుపని చేస్తుంది. నన్ను వదినా అంటుంది, కాబట్టి అతనికి నేను అప్పని.

"ఓలమ్మో! వొదిలీకు అప్పా, నారి వొదిలీకు!" అంటూ గోడ దూకి వచ్చాడు. "బాణం నేకండా వొదిల్తే ఆ జోరంతా కొమ్మలే తింతాయి. పగిలిపోతాయి. మెల్లగా ఎనక్కి తీసుకురా."

పడుకునే, మెల్లగా, వెనక్కి తెచ్చాను. అతను కొమ్మలు పిడిని కలిసే చోట ఉన్న బోల్టులు చూపించి, ఒక్కోటీ నాలుగు చుట్లు వదులు చేశాడు. దాంతో లాగడం తేలికైంది.

"ఇది మీయత్తకి సరిపోయే విల్లు. ఆవిడ తాడిచెట్టంత ఉండీది," అన్నాడు.

"మరి నానో?"

నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. ఆ చూపు ఎక్కువసేపు పట్టలేదు. "నీకు కాలం పడతాది," అన్నాడు.

తొమ్మిదో రోజు

ఇవాళ ఒక సొరకాయను చంపాను.

ఎరువు గుంట పక్క ఖాళీ స్థలంలో పాత సంచులు పేర్చి, ముప్పై మీటర్ల దూరం నుంచి కొడుతున్నాను. మణికట్టుకి కట్టుకునే చిన్న మీట ఒకటి ఉంది. నారిని అదే పట్టుకుంటుంది. వేలితో నొక్కితే వదులుతుంది. విలువిద్య గురించి చదివినవన్నీ పాటించాను. నిలబడే తీరు సరిచూసుకున్నాను, ఊపిరి బిగబట్టాను, ఒక కన్ను మూశాను. బాణం సంచుల మీదుగా, గోడ మీదుగా వెళ్లి మంగవేణి పందిరి మీది సొరకాయలో అటు నుంచి ఇటు దిగింది.

సరే, ఈ వైపు కలిసిరాలేదని సంచులను అవతలికి మార్చి ఇటు తిరిగి కొట్టాను. బాణం సంచుల దాకా కూడా పోకుండా నేలలో గుచ్చుకుంది. మళ్లీ కొట్టాను. మళ్లీ నేలే. ఈ పుస్తకంలో నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను: ఇరవై బాణాల్లో సంచికి తగిలినవి రెండు. అందులో ఒకటి నేను గురి పెట్టని సంచి.

సొరకాయ తీసుకుని క్షమాపణ చెప్పడానికి వెళ్తే, మంగవేణి బాణం బయటికి లాగి, కాయను కూరకి తరుక్కుంది. "కన్నం పడితే రుచి మారిపోద్దేటి?" అంది.

పదహారో రోజు

ఒక వారంగా నాకు కళ్లు చెడ్డాయనీ, చేతులు వణుకుతున్నాయనీ, పుట్టుకలోనే ఏదో లోపం ఉందనీ తేల్చుకున్నాను. ఇవాళ మంగవేణి తన కుట్టుపని తెచ్చుకుని గుంట గట్టున కూర్చుంది. వినోదం కోసమే వచ్చిందని నాకు తెలుసు. గంటసేపు చూసి సూది పక్కన పెట్టింది.

"వొదినా, నువ్వు అటేపు కొడితే ఎప్పుడూ పైకే పోతంది. ఇటేపు కొడితే ఎప్పుడూ కిందికే పోతంది. సేతకానోల్ల బాణమైతే పూటకో దారిని పోవాల. నీది ఒకటే దారిని పోతంది. తప్పు నీది కాదేమో."

మంచి మాట విని ఎన్నాళ్లయిందో, నాకు వెంటనే అర్థం కాలేదు.

మా ఊరు డోలు ఆకారంలో ఉంటుంది. అంతరిక్షంలో అర నిమిషానికొక చుట్టు తిరుగుతుంది. ఆ తిరుగుడే మమ్మల్ని డోలు లోపలి గోడకి అదిమిపెట్టి, అదే నేల అన్న నమ్మకం కలిగిస్తుంది. తలెత్తితే అవతలి వీధుల కప్పులు తలకిందులుగా కనిపిస్తాయి. అయితే బాణం వింటిని వదిలాక దానికి ఊరితో సంబంధం లేదు. దాని దారిన అది తిన్నగా పోతుంది. నేల మాత్రం వంగి తిరుగుతూనే ఉంటుంది. ఊరు తిరిగే వైపు కొడితే నేల ఎదురొచ్చి బాణాన్ని మింగేస్తుంది. దానికి ఎదురు వైపు కొడితే నేల కిందికి జారిపోయి, బాణం పైకి లేచినట్టు కనిపిస్తుంది. బడిలో మూడో తరగతి పిల్లలకి చెప్పే పాఠమే ఇది. నేను ఈ ఊళ్లో ముప్పై ఎనిమిదేళ్లుగా ఉంటున్నాను.

ఇద్దరం సంచులు మోసుకెళ్లి డోలు పొడవునా ఉండే సందులో పెట్టాం. ఆ దారిలో కొడితే తిరుగుడు అడ్డురాదు. మొదటి బాణం సంచి మధ్యలో దిగింది. రెండోది దాని పక్కన. నేను ఎగిరి గంతేశాను. మూడోది గోడకి తగిలి విరిగింది. అందులో తిరుగుడు తప్పేమీ లేదు.

ముప్పై ఒకటో రోజు

ఇవాళ నవ్వులాటగా రాయలేను. వీలైతే తర్వాత చూస్తాను.

డోలు నడిమధ్యన, మా నెత్తి మీద నూటయాభై మీటర్ల ఎత్తున, ఊరంతటికీ పగటి వెలుగునిచ్చే పొడుగాటి దీపం ఉంది. దాని నడుమ చిన్న గది. అందరూ దాన్ని బొడ్డు అంటారు. నేల నుంచి అక్కడికి నున్నటి గొట్టం ఒకటి, అందులో లిఫ్టు, లిఫ్టు వెనక నిచ్చెన. పొద్దున్న గౌరునాయుడు దీపం రేకులు మార్చడానికి పైకి వెళ్లాడు. ఖాళీ లిఫ్టు తిరిగి వస్తూ గొట్టం మధ్యలో అడ్డం తిరిగి ఇరుక్కుంది. నిచ్చెనకీ దారి మూసేసింది. సందులో చెయ్యి కూడా దూరదు. ముక్కలు ముక్కలుగా కోసి తీయాలంటే నాలుగు రోజులు.

అతను పట్టుకెళ్లింది ఒక్క సీసా నీళ్లు. దీపం పక్కనే కాబట్టి అక్కడ వేడి. కూర్మారావుగారు దీపాన్ని సగానికి తగ్గించారు, మధ్యాహ్నమే ఊరంతా మసకబారింది. ఇంకా తగ్గిస్తే మొక్కలు పోతాయి. ఎగిరే యంత్రాలు బ్యాటరీలు అంటుకుంటున్నాయని పోయిన ఏడాదే వెనక్కి పంపేశారు. ఇద్దరు కుర్రవాళ్లు గొట్టం బయటి నుంచి పాకి, ఇరవై మీటర్లు ఎక్కి, అరచేతుల తోలు గొట్టానికి అప్పగించి జారిపోయారు.

దూకెయ్యొచ్చు కదా అని అడిగినవాళ్లూ ఉన్నారు. బొడ్డులో బరువు ఉండదు, దూకితే మనిషి తేలుతూ వస్తాడు. కానీ కింద నేల గంటకి నూట ఇరవై కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. అదొచ్చి గుద్దుతుంది.

లిఫ్టు గది దగ్గర ఫోను ఉంది. మంగవేణి అక్కడే కూర్చుంది. "పైన తాడు లాటిదేటీ నేదా?" అని అడిగింది.

"పొడుగైందంటే నా లుంగీయే," అన్నాడు గౌరునాయుడు. గొంతు అప్పటికే ఎండిపోయింది.

అప్పుడు మంగవేణి నావైపు చూసింది. బాణానికి దారం కట్టి పైకి కొడితే, అతను దారం అందుకుని లాగితే, దారానికి తాడు, తాడుకి నీళ్ల సంచి. అది నాకూ తట్టింది. తట్టనట్టు నటించడానికి ఒక నిమిషం ప్రయత్నించాను కూడా.

ముప్పై రెండో రోజు

కూర్మారావుగారు వద్దన్నారు. "దీపం పగిలితే నాలుగు వందల మంది చీకట్లో ఉంటారమ్మా. నీ గురి ఎంత? పది వేస్తే ఎన్ని తగులుతాయి?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. "నాలుగు. అదీ ముప్పై మీటర్లకి, తిన్నగా ఉన్న సందులో," అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మంగవేణి "నాలుగున్నాయి కదా బాబూ," అంది. ఫోనులో గౌరునాయుడు ఊపిరి పీల్చడం వినిపిస్తోంది. కూర్మారావుగారు జనాన్నంతా ఇళ్ల కప్పుల కిందికి పొమ్మని చాటింపు వేయించి, ఈ పుస్తకంలోనే కింద సంతకం పెట్టారు. "మూడు బాణాలు. అంతే," అన్నారు. నా దగ్గర మిగిలినవీ మూడే.

మొదటిది దారం లేకుండా, దారి చూడటానికి. బొడ్డుకి సూటిగా గురి పెట్టి కొట్టాను. బాణం పైకి వెళ్తూ వెళ్తూ ఊరు తిరిగే వైపు ఒరిగిపోయి, బొడ్డుకి చాలా దూరంగా దాటి, అవతలి వీధిలో ఎవరి కప్పు మీదో ఠంగుమంది.

మంగవేణి అది పడిన చోటు చూసింది. "కుట్టు మిషన్లో సూది ఉన్నచోటే ఉంటాది, బట్ట జరుగుతాది. ఇక్కడ మనం బట్ట వొదినా. బొడ్డు సూది. బాణం మనతోపాటు జరుగుతా పోతంది. అది ఎంత అటు పోయినాదో, అంత ఇటు ఎనక్కి పెట్టి కొట్టాల." వేలితో ఆకాశానికి అడ్డంగా కొలిచి, ఎదురు వైపు తలకిందులుగా వేలాడుతున్న బడిని చూపించింది. "ఆ బడి నీల్ల ట్యాంకుకి గురి పెట్టు."

మనిషి ప్రాణం బొడ్డులో ఉంటే బడి ట్యాంకుకి గురిపెట్టమంటోంది. నమ్మాను. నా లెక్కల కంటే ఆమె కుట్టు తిన్నగా ఉంటుంది.

రెండో బాణానికి ఆమె సన్నని నైలాన్ దారం కట్టి, చిక్కుపడకుండా వెడల్పాటి బేసిన్‌లో చుట్లు చుట్లుగా పరిచింది. కొట్టాను. బాణం ట్యాంకు వైపు బయల్దేరి, గాలిలోనే వంగి, బొడ్డు వైపు తిరిగింది. సగం పైన దారం బరువుకి అలిసిపోయి, మెల్లగా వెనక్కి తిరిగి ఎరువు గుంటలో పడి రెండు ముక్కలైంది. దారి సరైనదే. జోరు చాలలేదు.

"బోల్టులు బిగించాల," అన్నాను ఫోనులో.

గౌరునాయుడు వెంటనే, "వొద్దప్పా. పూర్తిగా బిగిస్తే ఆ కొమ్మలు ఆగవు. పాతబడిపోనాయి. ముక్క ఎగిరి మొకాన కొడితే కల్లు పోతాయి. నాలుగు దినాలు నాను ఎలాగోలాగ ఉంటాను," అన్నాడు.

అతను ఉండలేడని అందరికీ తెలుసు. మంగవేణి ఫోను నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది. "నువ్వు వొద్దంటే నానేటీ అనుకోను వొదినా," అంది. ఆ మాట అనడానికి ఆమెకి ఎంత కష్టమైందో ఆమె పెదవి చెప్పింది.

నేను ధైర్యం ఉన్న మనిషిని కాను. రాసి పెడుతున్నాను, తర్వాత ఎవరైనా వేరేగా చెబితే నమ్మకండి. గుంటలో పని చేసేటప్పుడు తొడుక్కునే పారదర్శక ముసుగు వేసుకున్నాను. దాని వాసనకి సగం భయం పోయింది, ఇంకేదీ పట్టదు కాబట్టి. బోల్టులు బిగించాను, చివరి చుట్టు దాకా.

మొదటిసారి లాగితే సగం దాకా కూడా రాలేదు. వెనక్కి వదిలి, ఊపిరి పీల్చుకున్నాను. కూర్మారావుగారు చూపు తిప్పుకున్నారు. రెండోసారి విల్లును కిందికి పట్టి, కాళ్లు ఎడం చేసి, పారతో తడి ఎరువు ఎత్తేటప్పటిలా నడుముతో లాగాను. భుజంలో ఏదో కదిలింది. కొమ్మ కిర్రుమంది. గిలకలు తిరిగాయి, బరువు దిగింది. వెనక్కి పడలేదు. ట్యాంకు కనిపించింది. మీట నొక్కాను.

చెవి పక్కన తుపాకీ పేలినట్టయింది. పైకొమ్మ చీలి, ముక్క ముసుగుకి తగిలి, నేను కూర్చుండిపోయాను. బేసిన్‌లో దారం బుసకొడుతూ పైకి పోతూనే ఉంది. తలెత్తాను. బాణం బొడ్డుకి రెండు బారల దూరంలోంచి దాటిపోయింది. తప్పింది. కానీ దాని వెనక దారం గాలిలో తేలుతూ గది ముందు వంపు తిరిగింది.

"అందదు! సెయ్యి అందదు!" ఫోనులో గౌరునాయుడు.

"లుంగీ!" అని అరిచింది మంగవేణి. "లుంగీ ఇప్పి ఇసురు!"

ఊరంతా కప్పుల కింది నుంచి బయటికొచ్చి తలెత్తి చూస్తుండగా, గౌరునాయుడు లుంగీ విప్పి, ఒక కొస పట్టుకుని, వల విసిరినట్టు విసిరాడు. మొదటిసారి తప్పింది. రెండోసారి దారం గుడ్డకి చుట్టుకుంది. మెల్లగా, చాలా మెల్లగా లాక్కున్నాడు.

దారానికి లావుదారం, లావుదారానికి తాడు. తాడు అందేసరికి గంట పట్టింది. అది నీళ్ల సంచిని మోసే తాడే, మనిషిని మోసేది కాదు, కాబట్టి లిఫ్టు తీసేదాకా అతను పైనే ఉండాలి. నీళ్ల సంచి పైకి పోతూ పోతూ తేలికైపోయింది. ఫోనులో అతను తాగుతున్న చప్పుడు వినిపించింది. మంగవేణి నేల మీద కూర్చుని బేసిన్‌ను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. కూర్మారావుగారు ఏడవలేదు, కళ్లజోడు మాత్రం మూడుసార్లు తుడుచుకున్నారు. తర్వాత పంపిన సంచిలో ఒక పంచె కూడా పెట్టారు.

ముప్పై అయిదో రోజు

లిఫ్టును కోసి తీశారు. గౌరునాయుడు నిచ్చెన దిగి వచ్చాడు. దిగేకొద్దీ బరువు పెరుగుతుంది కాబట్టి చివరి మెట్ల దగ్గర కాళ్లు నిలవక ఇద్దరు పట్టుకున్నారు. సాయంత్రం మంగవేణి భుజం మీద చెయ్యేసుకుని మా ఇంటికి వచ్చాడు. నా కుడి భుజం కట్టులో ఉంది. బల్ల మీద రెండు ముక్కలైన కొమ్మ ఉంది.

ఆ కొమ్మను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"క్షమించు. నీ పక్క నుంచి పోనాది. తగల్నేదు," అన్నాను. ఏం మాట్లాడాలో తెలియక. "మాయత్తయితే ఒక్క బాణంతో బొడ్డు గుమ్మంలో దింపీదని ఊరంతా అంటన్నారు. నాకూ తెలుసు. చిన్నప్పుడు నాకు నేర్పుతానని తీసుకెల్లి, తప్పితే మొకం మాడ్చుకునీది. నాలుగు దినాల్లో మానీసినాను."

గౌరునాయుడు మంగవేణి వైపు చూశాడు. చెప్పనా వద్దా అన్నట్టు. తర్వాత కొమ్మ కింద పెట్టాడు.

"పన్నెండేల్లు నాను రోజూ దీపం మసగ్గా ఉన్నప్పుడే బొడ్డులోకి ఎల్లినాను అప్పా. పైనుంచి సందు మొత్తం కనపడతాది. మీయత్త ఎవులూ లెగకముందే వొచ్చీది. నలభై బాణాలేసీది. సగం గురి తప్పీవి."

"సగమా?"

"సగం. కొన్ని దినాలు అంతకన్నా ఎక్కువే. సేతులు వొనికీవి. ఒకనాడు నాను పైనుంచి సూస్తన్నానని తెలిసిపోనాది. కిందికొచ్చినాక పట్టుకున్నాది. ఎవులికీ సెప్పొద్దు, మా పైడికి అసలే సెప్పొద్దు, అది నవ్వుతాదని ఒట్టేయించుకున్నాది." అతను తల గోక్కున్నాడు. "ఇప్పుడు సెప్పినందుకు ఏటీ అనుకోదులే."

నేను నవ్వాను. అత్త అనుకున్నట్టే నవ్వాను. తర్వాత అది నవ్వుగా లేదు. మంగవేణి లేచి నీళ్లు తెచ్చింది. తాగడానికి ఎడమచేత్తో గ్లాసు పట్టుకుంటే సగం ఒలికింది. ముప్పై ఎనిమిదేళ్లు ఒకే ఊళ్లో ఉండి, నేను నవ్వుతానని ఆమె భయపడింది, ఆమె మొహం మాడ్చుకుంటుందని నేను భయపడ్డాను. ఒక్క పొద్దున్న పూట లేచి ఆ సందులోకి వెళ్లి ఉంటే సరిపోయేది.

తొంభై నాలుగో రోజు

కోసి తీసిన లిఫ్టు అడుగు పలకను అరగదీసి గౌరునాయుడు రెండు కొత్త కొమ్మలు చేశాడు. ఒకటి రెండోదానికంటే కొంచెం మందం. అది తన తప్పు కాదనీ, పలకే అలా ఉందనీ అంటున్నాడు. ఇద్దరం కలిసి గిలకలు ఎక్కించాం. బోల్టులు నాకు సరిపోయేంత వదులుగా పెట్టాం. మంగవేణి వెదురుతో కొత్త బాణాలు చెక్కించి, చివర రంగు గుడ్డపీలికలు అతికించింది.

పొద్దున్న వీధి లేచాకే సందులోకి వెళ్లాను. పళ్లు తోముకుంటూ ఆగినవాళ్లు ఆగారు. కూర్మారావుగారు నడకకి వెళ్తూ ఆగి, తన గొడుగును అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

పన్నెండు బాణాలు వేశాను. ఏడు గురి తప్పాయి. వీధి చివరిదాకా వినపడేలా మంగవేణి ఒక్కోటీ లెక్కపెట్టింది.